మూడు గులాబీ మెతుకులు

బెండిగోలో చలి ముందు వేళ్ళకే తెలుస్తుంది.
ఎనిమిదింటికి నేను తాళం తీసేసరికి
రేకుల కప్పు మీద మాగ్‌పైలు గోళ్ళతో గీకుతుంటాయి.
లోపల తోపుడు బండిలో పదకొండు పలకలు
పచ్చదీపాలు పెట్టుకుని నిద్రపోతుంటాయి.
పలకలనే అంటాను నేను.
బ్రోన్‌విన్ ట్రెగియర్‌కి ఆ మాట నచ్చింది,
తనూ ఇప్పుడు "పలకా" అంటుంది, చివర దీర్ఘం తీసి.

నా పలకకి బలపం ఉండేది, ఉమ్మి ఉండేది.
వీటికి ఉమ్మి పనికిరాదని
మొదటి వారమంతా చెప్పాల్సి వచ్చింది.
నాలుగేళ్ళవాళ్ళు మరి.
ఫ్లెచర్ నాలికతో పేజీ తిప్పాడు.
తిరిగింది కూడా.

ఈ టర్ములో కొత్తగా ఒక మరబొమ్మ వచ్చింది.
అరచేతిలో పట్టదు, రెండు చేతుల్లో పడుతుంది.
పసుపు వీపు మీద నాలుగు బాణాలు, ఒక ఆకుపచ్చ మీట.
ముందుకి, ముందుకి, ఎడమకి, పద!
నొక్కినంతే నడుస్తుంది,
తప్పు నొక్కితే తప్పే నడుస్తుంది,
గోడకి తల ఆనించి ఇంకా నడుస్తూనే ఉంటుంది.
"మొండితనం కాదు, చెప్పినట్టు వినడమే దీని జబ్బు,"
అంది బ్రోన్‌విన్.
పేరు పెట్టడానికి ఓట్లు వేశారు.
పన్నెండు మంది, పన్నెండు పేర్లు.
పేరు లేకుండానే తిరుగుతోంది ఇప్పటికీ.

పేర్ల సంగతంటే, ఒక పిల్ల ఉంది.
కరెన్ వాళ్ళ పిల్ల, ఎహ్ మూ.
రోజూ హాజరు పిలిచేటప్పుడు
నా చెవికది "ఏమో" అనే వినబడుతుంది.
ఏమో?
తల ఎత్తుతుంది. అంతే.
ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆ నోట ఒక్క మాట లేదు.
ఇంట్లో గలగలా మాట్లాడుతుందిట, వాళ్ళ పిన్ని చెప్పింది.
ఇంగ్లిషు గొంతులోనే అడ్డంపడ్డ సంవత్సరం
నాకూ ఒకటుంది గనక
తొందరపెట్టలేదు.

బుధవారం వాన. ఇసుకగుంట మీద పట్టా కప్పేశాం.
పలకలో ఎర్రచుక్క నొక్కి
పొద్దున మీరేం విన్నారో చెప్పండి అంది బ్రోన్‌విన్.
ఫ్లెచర్ చెత్తబండిలా అరిచాడు.
సాస్కియా వాళ్ళ నాన్న గురక పెట్టి చూపించింది,
మధ్యలో ఈలతో సహా.
ఏమో పలకని చంకన పెట్టుకుని
బొమ్మతో పాటు పుస్తకాల అర కిందికి దూరింది.

తర్వాత చాప మీద గుండ్రంగా కూర్చుని అందరం విన్నాం.
మొదట వాన. రేకు మీద వాన.
ఆపైన బొమ్మ టిక్కు టిక్కు,
అరకి తల కొట్టుకుంటోంది.
అప్పుడు గుసగుస. పొడుగ్గా, తీరుబడిగా.
మందలింపు ఏ భాషలో ఉన్నా
మందలింపేనని తెలిసిపోతుంది కదా.
నలభై ఏడు సెకన్లు.
ఫ్లెచర్ ముక్కులో వేలు అక్కడే ఉండిపోయింది.

పలకకి మాత్రం వినబడలేదు.
మాటల్ని అక్షరాలు చేసిపెట్టే ఆ తెరమీద
చెత్తబండి ఉంది,
గురక కూడా తప్పుల తడకగా ఏదో ఉంది,
ఈ పిల్ల వంతు వచ్చేసరికి ఒక బూడిదరంగు వాక్యం:
మాటలేవీ గుర్తించలేదు.

బ్రోన్‌విన్ ఏదో సర్దిచెప్పబోయి ఊరుకుంది.
సాస్కియా అంది:
"దానికి చెవులు కడగాలి."

మూడున్నరకి పిన్ని వచ్చింది,
కోళ్ళ ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి, తల మీది వల తీయకుండానే.
గేటు దగ్గర గొడుగు కింద వినిపించాను.
నవ్వింది. మళ్ళీ పెట్టమంది. మళ్ళీ నవ్వింది.
"తిడుతోంది దాన్ని.
దారి తెలియనప్పుడు దూరం పోకూడదంట.
పొద్దుణ్ణుంచి అన్నం తిన్నావా అంటోంది.
తినకుండా నడిస్తే అన్నీ గోడలే తగులుతాయంట."

పిల్లలు వెళ్ళాక తెరలు తుడవాలి,
వేలిముద్రలు, వెజిమైట్, చీమిడి, ఇంకేమిటో.
పలకల్ని బండిలో ఒక్కొక్కటే గుచ్చి
బొమ్మ కోసం వంగి చూశాను.
అర కింద చీకట్లో ఉంది, బ్యాటరీ అయిపోయి.
దాని ముందు ఒక లక్కపిడత గిన్నె,
గిన్నెలో ఆడుకునే గులాబీ రంగు మట్టి:
మూడు మెతుకులు,
కొసలు జాగ్రత్తగా నులిమినవి.

బయటికి లాగబుద్ధి కాలేదు.
వైరే అక్కడిదాకా తెచ్చి గుచ్చాను.
ఎర్రదీపం వెలిగింది.
తిన్నదో, లేదో,
ఏమో.